బ్యాటరీల గల్లా జయదేవ్ పాలిటిక్స్ ఎందుకు వదిలేశారు?

ప్రశ్న: అమరాన్ బ్యాటరీలు తయారుచేసే అమరరాజా ఆయనేగా మన గుంటూరు మాజీ ఎంపీ? రెండుసార్లు గెలిచి కూడా 2024లో పోటీ చేయలేదేంటి, ఎవరికైనా డీటెయిల్స్ తెలుసా?

రిప్లై 1: అవును ఆయనే. కంపెనీ పెట్టింది మాత్రం వాళ్ల నాన్న రామచంద్రనాయుడు గారు, 1985లో అమెరికా నుంచి వచ్చేసి తిరుపతి దగ్గర కరకంబాడిలో ఫ్యాక్టరీ కట్టారు. జయదేవ్ కూడా చదువు అమెరికాలోనే, ఇల్లినాయ్ యూనివర్సిటీ. అమ్మ అరుణకుమారి మంత్రిగా చేశారు, తాత పాటూరి రాజగోపాలనాయుడు చిత్తూరు ఎంపీ, అంటే ఇంట్లో బిజినెస్ ఎంతో పాలిటిక్స్ కూడా అంతే కదండీ

రిప్లై 2: 2018 జూలై 20న లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం చర్చ మొదలుపెట్టింది ఈయనే, ఆ "మిస్టర్ ప్రైమ్ మినిస్టర్" స్పీచ్ మా హాస్టల్లో అందరం ఫోన్లలో చూశాం 😀 2019లో జగన్ గాలిలో కూడా 4,205 ఓట్లతో బయటపడ్డారు, టీడీపీకి వచ్చిన మూడు ఎంపీ సీట్లలో అదొకటి

రిప్లై 3: 2024 జనవరిలో తనే చెప్పారుగా, బిజినెస్ మీద ఫోకస్ చేస్తానని. మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ప్లాంట్‌కి 9,500 కోట్లు అని 2022లోనే తెలంగాణతో ఒప్పందం చేసుకున్నారు, అంత పని పెట్టుకుని ఢిల్లీ తిరగడం కష్టమే బ్రో