చిన్న పెరట్లో హాప్స్: ఒకే రకమా, నాలుగు రకాలా?

బీవర్టన్ పెరడు: ఆరెగాన్‌లో ఉంటాం. ఎండ బాగా పడే కంచె 12 అడుగుల పొడవుంది. బీరు ఇంట్లోనే చేసుకుంటాను కాబట్టి, దానికి చేదూ వాసనా ఇచ్చే పూల తీగ హాప్స్‌లో కాస్కేడ్, సెంటెనియల్, విలమెట్, చేదు కోసం చినూక్, ఈ నాలుగు రకాలూ మార్చిలో నాటాలని నా ఆశ. కాస్కేడ్ ఒక్కటి చాలదా అంటుంది మా ఆవిడ. ఏమంటారు?

దొండపాదు: మీ ఆవిడ మాటే నాదీ. హాప్స్ దుంప పసుపు దుంపలాంటిదే, నేలలో పాకుతుంది. నేను కాస్కేడ్, సెంటెనియల్ మూడడుగుల దూరంలో పెట్టాను. మూడో ఏడు ఏ పిలక ఎవరిదో తెలియలేదు, పైన తీగలూ పెనవేసుకున్నాయి. పూలన్నీ ఒకే సంచిలో పోసి 'సాంబారు హాప్స్' అని రాసుకున్నా. వేర్వేరు రకాలైతే కనీసం ఐదడుగులు వదలాలి. మీ కంచెకి నాలుగెలా పడతాయి?

యాకిమా దారి: తప్పు రకాలది కాదండీ, తాళ్లది. ఒక్కో పాదుకి విడిగా తాడు కట్టి, ఏటా వసంతంలో హద్దు దాటిన దుంపని పారతో నరికేస్తే గొడవ లేదు. కాస్కేడ్‌ది పంపరపనస వాసన, చినూక్‌ది దేవదారు బంక వాసన. ఒక్కటే పెట్టుకుని ఏటా అదే రుచి తాగాలా?

దొండపాదు: వాసన సరే. చేదు కోసం చినూక్ అంటేనే నాకు అభ్యంతరం. ఇంటి పూలలో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం ఎంతుందో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. కాస్కేడ్‌లోనే సుమారు 4.5 నుంచి 7 శాతం దాకా మారుతుంది. చేదుకి కొన్నవే వేసి, ఇంటివి మరుగు ఆఖర్లో వేసుకోండి.

మియాపూర్ మేడ: సిట్రా దుంప దొరుకుతుందా? హైదరాబాద్‌లో కాస్తుందా?

యాకిమా దారి: సిట్రా హక్కులున్న రకం, ఇంటికి అమ్మరు. ఇక హైదరాబాద్‌లో ఎండకన్నా పగటి పొడవుతోనే చిక్కు. వేసవిలోనూ 13 గంటలే, తీగ ఎదగకముందే పూతకొస్తుంది. మన దేశంలో హాప్స్ అంటే హిమాచల్‌లోని లాహౌల్ వైపే.

దొండపాదు: ఇంకోటి. కుక్కలకి హాప్స్ విషం. తింటే ఒళ్లు కాలిపోయి ప్రాణం మీదికొస్తుంది. కాచి వడకట్టిన పిప్పి కూడా అందనివ్వకండి.

బీవర్టన్ పెరడు: అయ్యబాబోయ్, మా లాబ్రడార్ చెత్తబుట్టని వదలదు! ముందు మూత బిగించాలి. కాస్కేడ్ ఈ చివర, చినూక్ ఆ చివర, రెంటితో ఆగుతా. రెండోదాని సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.