చెరువు గట్టు మీద కెమెరాలకి 24 గంటల రికార్డింగా, మోషనా?

వనామీ_రైతు: భీమవరం పక్కన రొయ్యల చెరువులండి మావి. షెడ్డు దగ్గర నాలుగు కెమెరాలు, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె), 1 టీబీ డిస్కు, నెట్‌కి 4జీ సిమ్ రౌటరు. పెట్టినాయన 24 గంటల రికార్డింగ్ పెట్టి వెళ్ళాడు, మా బావమరిది వచ్చి డిస్కు మిగులుద్దని మోషన్‌కి, అంటే ఏదైనా కదిలితేనే రికార్డయ్యేలా, మార్చేశాడు. ఇక రాత్రంతా ఫోన్ మోగుతానే ఉందండి, తీసి చూస్తే కొంగ, లేపోతే చెరువులో గాలి కలిపే ఏరేటరు చిమ్మే నీళ్ళు, అదీ కాదంటే లెన్సు ముందు పురుగులు. రొయ్యల పట్టుబడి దగ్గరపడింది, మేత బస్తాలన్నీ షెడ్డులోనే ఉన్నాయి. ఏది ఉంచమంటారు?

కిరాణం_కరీంనగర్: మోషనే అన్నా. షట్టర్ ఏసినంక ఖాళీ దుకాణం రాత్రంతా రికార్డ్ చేసి ఏం జేస్తం? నాది మోషన్‌లనే ఉంది, నెల మీదనే ఫుటేజీ ఉంటది. 30 రోజులు దాచాలని చట్టం గూడ ఉంది కద.

కేబుల్_బాబాయ్: ఆ 2013 చట్టం జనం వందల్లో చేరే చోట్లకి తమ్ముడూ, మాల్స్, హాస్పిటల్స్ లాంటివాటికి. చెరువుకి కాదు. పైగా దుకాణం లోపల గాలి కూడా కదలదు, గట్టు మీద కదలనిదేముంది?

రైతు గారూ, లెక్క చూడండి. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) అనుకుంటే గంటకి 900 ఎంబీ, రోజుకి 21.6 జీబీ, నాలుగూ కలిపి 86 జీబీ పైన, అంటే మీ డిస్కు 11 రోజులు వస్తుంది. వీడియో కుదింపు హెచ్.264లో ఉంటే ఇంకా బాగా కుదించే హెచ్.265కి మార్చి బిట్‌రేట్, అంటే ఆ ఎంబీపీఎస్, సగానికి తగ్గించండి, బొమ్మ పెద్దగా పాడవదు, రోజులు డబల్ అవుతాయి. మోషన్‌లో అసలు చిక్కు వేరే ఉంది, గట్టు చివర మనిషి తెర మీద చీమంత కనిపిస్తాడు, సెన్సిటివిటీ తగ్గిస్తే వాడు దొరకడు, పెంచితే మీ కొంగలే. అందుకే రికార్డింగ్‌కీ అలారంకీ ముడి పెట్టొద్దు. రికార్డింగ్ కంటిన్యువస్‌లో ఉంచి, మోషన్ నోటిఫికేషన్ ఆపేసి, షెడ్డు తలుపు, గట్టు దారి వరకే లైన్ క్రాసింగ్ (తెర మీద గీత, దాన్ని దాటితేనే అలారం) గీసి, టార్గెట్ హ్యూమన్, అంటే మనిషి, ఒక్కటే పెట్టి, షెడ్యూలు రాత్రి 10 నుంచి 5 దాకా ఇవ్వండి. గీత నీళ్ళ మీదకి పోకూడదు. పురుగులంటారా, కెమెరాలో ఐఆర్ (చీకట్లో చూడటానికి కంటికి కనపడని లైటు) ఆపేసి షెడ్డు మీద విడిగా లైటు పెడితే సగం పీడ పోతుంది, లెన్సు పక్కనున్న ఆ ఐఆర్ కాంతి పడే అవి తెర మీద అంతలా మెరిసేది.

కిరాణం_కరీంనగర్: ప్రీ-రికార్డ్ (కదలిక కంటె ముందుది) 5 సెకన్లు, పోస్ట్-రికార్డ్ (తర్వాతది) ఇంకింత పెంచితే మోషన్‌ల గూడ ఏం మిస్ కాదే. 11 రోజుల ఫుటేజీల ఎన్నడు ఎతుకుతవ్?

కేబుల్_బాబాయ్: కదలికని కెమెరా పట్టుకోక ట్రిగ్గరే పడకపోతే ప్రీ-రికార్డ్ ఏం చేస్తుంది తమ్ముడూ.

నైట్_షిఫ్ట్: ఇంతా చేసి దొంగోడు ఆ ఎన్‌వీఆర్‌నే పీక్కుపోతే? ఇంట్లో నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) పెట్టి నెట్‌వర్క్ రికార్డింగ్ ఇవ్వండి, గొడవ వదిలిపోతుంది.

కేబుల్_బాబాయ్: రోజుకి 86 జీబీ, సిమ్ మీద అప్‌లోడా 😄 సిమ్‌కి మామూలుగా సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరే నెట్ చిరునామా) కూడా ఉండదు, పోర్ట్ ఫార్వర్డ్ చేసి బయటి నుంచి లాగుదామన్నా కుదరదు. ఈ భయానికి మందు కెమెరాలోనే ఎస్డీ కార్డు, హై ఎండ్యూరెన్స్‌ది, అంటే ఆపకుండా రాసినా తట్టుకునేది. కెమెరాకి కరెంటు విడిగా వస్తుంటే నెట్‌వర్క్ కేబుల్ తెగినా కార్డులో పడుతూనే ఉంటుంది, ఏఎన్‌ఆర్ ఉన్న మోడలైతే లైన్ రాగానే ఎన్‌వీఆర్‌లో ఖాళీలు అదే నింపుకుంటుంది. బయటికి పంపాల్సింది అలారం ఫొటో ఒక్కటే, ఈమెయిల్‌కో ఎఫ్‌టీపీకో (ఫైళ్ళు దాచే సర్వరు), అది సిమ్‌కి లెక్కే కాదు. ఎన్‌టీపీ (నెట్ నుంచి టైము సరిచేసుకునేది) ఆన్ చేసి టైమ్‌జోన్ 5:30 చూసుకోండి, గడియారం తప్పితే స్టేషన్లో ఫుటేజీ ఇచ్చి ఏం ఉపయోగం. పాస్‌వర్డ్ మార్చారా? 2016లో మిరాయ్ వైరస్ లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దూరింది ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే.

నైట్_షిఫ్ట్: సరే, 4జీ సంగతి చూసుకోలేదు. ఫైబర్ ఉంటే మాత్రం నా మాట నాదే.

వనామీ_రైతు: 24 గంటలకి మార్చానండి, నిన్న రాత్రి మోగింది ఒక్కసారే, అదీ మా కాపలా అబ్బాయి బీడీకి లేస్తేను. షెడ్డు కెమెరా పాతది కామోసు, మెనూలో లైన్ క్రాసింగే లేదు. ఏం చేయమంటారు?

కేబుల్_బాబాయ్: కెమెరా మార్చక్కర్లేదండి. ఎన్‌వీఆర్ వెనక అలారం ఇన్ టెర్మినల్స్ (బయటి అలారం వైర్లు తగిలించే చోటు) ఉన్నాయేమో చూడండి. ఉంటే తలుపుకి మాగ్నెటిక్ కాంటాక్ట్ (అయస్కాంతం స్విచ్చు) బిగించి వైరు అందులోకి లాగండి. తలుపు తీస్తేనే మోగుతుంది, కొంగకి తలుపు తీయడం రాదు.

కిరాణం_కరీంనగర్: గా తలుపు ముచ్చట మంచిగుంది. నేనైతే మోషన్ ఇడువ.