పై అంతస్తు వేడికి డాబా మీద పూత మేలా, కింద ఫాల్స్ సీలింగ్ మేలా?

మల్కాజిగిరి మూడో అంతస్తు: మా పైన డాబాయే. రాత్రి పదింటికి మంచం మీద వాలితే స్లాబు సెగ ముఖానికి తగులుతోంది. డాబాకు తెల్లపూత వేయించాలా, గ్లాస్ ఊల్ (వేడిని అడ్డుకునే గాజు నూలు) పరచి ఫాల్స్ సీలింగ్ కట్టించాలా? ఖర్చు కూడా తెలియజేయగలరు.

కూకట్‌పల్లి గృహిణి: మేము మార్చిలోనే సున్నంలో బంక కలిపి రెండు పూతలు వేయించాము. మునుపు చెప్పులు లేనిదే బట్టలు ఆరవేయలేకపోయేదాన్ని; ఇప్పుడు మిట్టమధ్యాహ్నం వట్టికాళ్లతో తిరుగుతున్నాను.

ఉప్పల్ వాసి: సున్నం మాట ఎత్తకండి. తొలి వానలకే మా పూత కరిగి, నీళ్లు పోయే గొట్టంలో పేరుకుపోయి, డాబా మీద నీరు నిలిచి, పడకగది కప్పంతా చెమ్మ పట్టింది.

కూకట్‌పల్లి గృహిణి: అది సున్నం దోషం కాదండీ. దుమ్ము పోయేలా కడిగి, పగుళ్లు పూడ్చి, మొదటి పూత బాగా ఆరాకే రెండోది వేయాలి. మీరు కడిగించారా?

ఉప్పల్ వాసి: రెండు రోజులు నా చేతులతోనే కడిగాను. మా ఇల్లు చూడకుండా తప్పు నాదేనని తేల్చడం న్యాయం కాదు.

సైటు ఇంజినీరు: 22 ఏళ్లుగా స్లాబులు పోయిస్తున్నవాడిగా చెబుతున్నాను, ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. కాంక్రీటు పగలంతా ఎండను తాగి రాత్రి గదిలోకి వదులుతుంది. తెల్లపూత ఎండను తిప్పికొట్టి ఆ వేడిని చాలావరకు స్లాబులోకి చేరనివ్వదు. ఫాల్స్ సీలింగ్ గదిలోకి దిగే వేడిని తగ్గిస్తుంది గాని, స్లాబు కాగడాన్ని ఆపలేదు. అందుకే ఇన్సులేషన్ (వేడిని అడ్డుకునే పొర) అయినా స్లాబు పైన, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీరు పోయే వాటం సరిచూసి వేయించడమే మంచిది. 2023 నాటి తెలంగాణ కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని నివాస భవనాలకు చల్లని కప్పును తప్పనిసరి చేసింది. అంతకన్నా చిన్న స్థలాల్లోని ఇళ్లవారు ఇష్టమైతే వేయించుకోవచ్చు.

అమీర్‌పేట అద్దెదారు: ఇల్లు మనది కానప్పుడు ఇవేవీ కుదరవు. యజమానిని ఒప్పించి, డాబాకు ఆరడుగుల ఎత్తున ఆకుపచ్చ నీడవల కట్టాను. కింద గాలి ఆడుతుంది కనుక రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

మల్కాజిగిరి మూడో అంతస్తు: ఇంజినీరు గారి మాట చదివి, కుర్చీ ఎక్కి కప్పును తడిమి చూశాను. పడకగదిలో చేయి ఆనించలేకపోయాను. పైన నీళ్ల ట్యాంకు నీడ పడే పూజగదిలో మాత్రం చల్లగానే ఉంది. ముందు పూతే వేయిస్తాను. ఉప్పల్ వాసి గారూ, మీ గొట్టం నోటికి జాలీ ఉండేదా?

ఉప్పల్ వాసి: ఉండేది కాదండీ. మీరు పూతకు ముందే బిగించండి.