"తల్లిపాలతో"నా, "తల్లిపాలలో"నా?

మెట్టతామర:
మూడు రోజులుగా ఒక వాక్యం వదలడం లేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ సాయంత్రం దీపం పెట్టాక బైబిలు పైకి చదివేది. "మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టకూడదు" అని ఆమె గొంతుతో సహా గుర్తుంది. మొన్న నిర్గమకాండం 23:19 తీసి చూస్తే "తల్లిపాలతో" అని ఉంది. "లో" అన్న పాఠం ఎవరైనా చూశారా?

నల్లమల:
నేను చూసిన ప్రతులన్నిటిలోనూ "తో"నే అండీ. అయినా మీ చెవిని తప్పుపట్టను. గుడ్లు నీళ్లలో ఉడకబెడతాం, నీళ్లతో ఉడకబెట్టం. తెలుగు చెవికి "లో"నే నప్పుతుంది. హీబ్రూ మూలంలో ఉన్నది "బ ఖలేవ్ ఇమ్మో". ఆ "బ" ఒక్కటే మన "లో"కీ, "తో"కీ, "చేత"కీ సరిపోతుంది. అనువాదకులు అందులోంచి ఒకటి ఎంచుకోక తప్పలేదు.

తెరచాప:
ఎంచుకున్నది సరైనదే అంటాను. "తో"లో కరణం ఉంది, సహార్థమూ ఉంది. "పాలతో పరమాన్నం" అంటే పాలు వాడి చేసినది, "అన్నతో వచ్చాడు" అంటే కలిసి వచ్చాడు. మాంసం, పాలు కలపకూడదన్న యూదుల ఆచారమంతా ఆ కలయిక మీదే నిలిచింది. మాంసం పాలలో మునగనక్కర్లేదు. ఉడుకుతున్న మాంసం మీద పాలచుక్క పడితే దానికి 60 రెట్లు పదార్థం ఉందా లేదా అని లెక్క చూస్తారు. లేకపోతే కూరంతా నిషిద్ధం. "లో" అని ఉంటే తెలుగు పాఠకుడికి పాలు ఎసరుగా మాత్రమే కనిపించేవి.

నల్లమల:
యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తల్మూదు తెలుగు విభక్తి చూసి నిర్ణయించలేదు కదా! పైగా సంప్రదాయ వ్యాకరణంలో "లోన్, లోపలన్" షష్ఠిలో ఉన్నాయి. చోటును చెప్పే అధికరణమే కావాలనుకుంటే "అందు" వాడేవారు. గ్రాంథికం రాసే అనువాదకుడు "లో" దగ్గర తటపటాయించి "తో" వైపు మొగ్గి ఉండొచ్చని నా ఊహ.

హైఫా తెలుగు:
నేను ఇక్కడ ఇజ్రాయెల్‌లో ఒక యూదు పెద్దావిడకు సంరక్షకురాలిగా పనిచేస్తున్నాను. మా వంటింట్లో రెండు సింకులు, రెండు జతల గిన్నెలు. మాంసానివి "బసారి", పాలవి "ఖలవి", రెండూ కానివి "పర్వె". గుడ్లు, చేపలు, కూరగాయలు పర్వెలోకి వస్తాయి. మాంసం తిన్నాక ఆరు గంటలు ఆగితే గాని ఆవిడ కాఫీలో పాలు పోసుకోదు. జర్మనీ నుంచి వచ్చిన వాళ్లు మూడు గంటలు, హాలండ్ వాళ్లు ఒక గంట ఆగుతారట. మొదటి వారం పెరుగు చెంచా మాంసం గిన్నెలో పెట్టేసి ఎంత టెన్షన్ పడ్డానో! ఆవిడ కోప్పడలేదు, చెంచా తీసి పక్కన పెట్టి వాళ్ల మతగురువు రబ్బీకి ఫోన్ చేసింది. ఇక్కడ అందరూ "లో", "తో" అంటున్నారు గానీ, ఆవిడను అడిగితే "అసలు మాట ఇమ్మో, దాని అమ్మ" అంది.

కంచుగంట:
చిక్కు ఆ "బ"లో లేదు, దాని తర్వాతి మూడు హల్లుల్లో ఉంది. ఖ-ల-వ. "ఖలావ్" అంటే పాలు, "ఖేలెవ్" అంటే కొవ్వు. అచ్చులు రాయని లిపిలో రెండూ ఒకటే. ఈ వాక్యంలో లాగా తర్వాతి మాటతో కలిసినప్పుడు "ఖలేవ్" అంటే ఫలానావారి పాలు, "ఖేలెవ్" అంటే ఫలానావారి కొవ్వు. తేడా అచ్చుల్లోనే. అచ్చుల చుక్కలు పెట్టిన తిబెరియ పండితులు ఎన్నో శతాబ్దాల తర్వాతి వాళ్లు. "తల్లికొవ్వుతో" అని చదివితే?

తెరచాప:
ఆ ప్రశ్న తల్మూదే వేసుకుంది, సన్హెద్రిన్ అనే భాగం 4వ పత్రంలో. అక్కడిచ్చిన జవాబు నాకు ఎంతో ఇష్టం: "వాచకానికి తల్లి ఉంది". రాతలో ఏమున్నా, నోటి వెంట తరతరాలుగా వస్తున్న చదువే ప్రమాణమని దాని అర్థం. తల్లిపాల గురించిన వాక్యాన్ని తల్లి మాటతోనే తేల్చారు. గ్రీకు అనువాదంలోనూ పాలే ఉన్నాయి. అక్కడ మేకపిల్ల బదులు గొర్రెపిల్ల అని ఉంది, అది వేరే చర్చ.

కంచుగంట:
ఒప్పుకుంటాను, కానీ పూర్తిగా కాదు. లేవీకాండం 22:28లో ఆవునైనా గొర్రెనైనా దాని పిల్లతో పాటు ఒకే రోజున వధించకూడదని ఉంది. పిల్లను తల్లికొవ్వుతో వండాలంటే రెండూ చావాలి. ఆ పాఠంలో బలం లేదని కొట్టిపారేయలేం.

నల్లమల:
కొవ్వు ఎటూ నిషిద్ధమే కదండీ, లేవీకాండం 7:23. ఎద్దు, గొర్రె, మేక ఏదైనా. మళ్లీ తల్లి కొవ్వు అని విడిగా చెప్పాల్సిన పనేముంది?

ఏటిగట్టు:
కంచుగంట గారి మాట చదివాక ఒక పని చేశాను. తెలుగులో గుణింతాలు తీసేసి చూశాను. ప-ల. పాలు, పులి, పలు, పొలం... చివరిది కాదులెండి, సున్నా ఉంది. పాలు, పులి మాత్రం ఒకటే! ఇక నా మనసు ఆవు-పులి కథ మీదికి పోయింది. 15వ శతాబ్ది అనంతామాత్యుడు, భోజరాజీయం. ఇంకా గడ్డిపూరి మేయడం రాని దూడకు పాలిచ్చి వస్తానని పులికి మాటిచ్చి ఆవు ఇంటికి వెళుతుంది. దూడ కడుపు నింపి, బుద్ధులు చెప్పి తిరిగి వస్తుంది. పులి దాన్ని తినదు. తల్లిపాల విలువ మృగానికి అర్థమైన కథ అది. మీ వాక్యం ఎందుకు పుట్టిందో నాకు ఆ కథలోనే దొరికింది.

తెరచాప:
ఈ దయ వ్యాఖ్యానం కొత్తది కాదు. అలెగ్జాండ్రియాలో యూదు తత్త్వవేత్త ఫీలో అదే రాశాడు: ప్రాణం పోసిన పాలనే చంపాక మసాలా చేయడం తగదని. పుట్టిన పిల్ల ఏడు రోజులు తల్లి దగ్గరే ఉండాలన్న నియమం కూడా నిర్గమకాండంలోనే ఉంది. మధ్యయుగపు యూదు పండితుడు మైమొనిదీస్ మాత్రం దీన్ని అన్యుల పూజావిధిని మానిపించే నియమంగా అనుమానించాడు.

కంచుగంట:
మైమొనిదీస్ అనుమానానికి 20వ శతాబ్దిలో ఆధారం దొరికిందనుకున్నారు. సిరియాలో రాస్ షమ్రా తవ్వకాలు 1929లో మొదలయ్యాయి. అక్కడి ఒక మట్టిపలక మీద "మేకపిల్లను పాలలో" వండే వాక్యం ఉందని చదివారు. చూడబోతే ఆ చోట పలక విరిగింది, అక్షరాలు పూరించి చదివారు. తర్వాతి పండితులు ఆ చదువును ఒప్పుకోలేదు. ఎన్ని పుస్తకాల్లోకి ఎక్కిందో ఆ పూరించిన అక్షరం!

ఏటిగట్టు:
అనంతామాత్యుడి దగ్గర విరిగిన అక్షరాలు లేవండీ. ఆవు మాట్లాడే తీరు చూడండి, ప్రతి మాటా పల్లెటూరి తల్లి మాటే. ఎవరి దగ్గరైనా పాత ప్రతి ఉంటే ఆ ఘట్టం మొత్తం పెట్టండి.

హైఫా తెలుగు:
ఒక సందేహం. కోడి పాలివ్వదు కదా, మరి చికెన్‌తో పెరుగు ఎందుకు కలపరు? మనవాళ్లు ఇక్కడ బిర్యానీకి ముక్కలు పెరుగులో నానబెట్టాలని ఎంత ఆశపడతారో. నేను కొబ్బరిపాలు పోసి సరిపెడతాను.

తెరచాప:
మీ సందేహం రబ్బీ యోసె హగలీలీది. పక్షికి తల్లిపాలు లేవు కాబట్టి నిషేధం పట్టదన్నాడు, ఆయన ఊళ్లో కోడిమాంసం పాలతో తినేవారు. చివరికి మిగతావారి మాటే నిలిచింది. కొబ్బరిపాలు అన్నారు కాబట్టి ఇంకొకటి: బాదంపాలతో మాంసం వడ్డిస్తే, చూసేవాళ్లు పొరబడకుండా పక్కన బాదంపప్పులు ఉంచమన్నారు. మనకు జిల్లేడు పాలూ పాలే, మర్రి పాలూ పాలే. తెలుగులో ఈ మాట ఎంత విశాలమో!

నల్లమల:
"మేకపిల్ల" అన్న మాట కూడా ఇరుకైనదే. మూలంలో ఉన్న "గెది" అంటే దూడ, గొర్రెపిల్ల కూడా వస్తాయని రబ్బీల వాదం. మేకదే అని చెప్పాలనుకున్న చోట గ్రంథం "గెది ఇజ్జీమ్" అంటుంది, ఆదికాండంలో యాకోబు కొడుకు యూదా పంపుతానన్నది అదే. తెలుగులో "కూన" అని ఉంటే బాగుండేదేమో.

ఏటిగట్టు:
కూన కుదరదు. పులికూన అంటాం, మేకకూన అనం. "పిల్ల"ను మార్చొద్దు.

మెట్టతామర:
అందరికీ ధన్యవాదాలు. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఇవాళ మా పిన్నమ్మకు ఫోన్ చేసి, అమ్మమ్మ ఎలా చదివేదో చెప్పమన్నాను. తడుముకోకుండా చెప్పింది: "తల్లిపాలయందు". "లో" కాదు, "తో" కాదు. ఆ పుస్తకం ఇంకా వాళ్లింట్లోనే ఉందట, అట్ట లేదు.

నల్లమల:
"అందు"! సప్తమి! అట్ట లేకపోయినా మొదటి పుటల్లో ముద్రణ సంవత్సరం ఉండొచ్చు. ఆ పుట, 23వ అధ్యాయం ఫోటో తీసి పంపమని ఈ రాత్రే అడగండి.