చర్చ: కేథలిక్ యూనివర్సిటీలోని మహిళా డిగ్రీ కాలేజీని అబ్బాయిలకూ తెరవాలా?

రాండాల్ఫ్ వీధి (అంశం మొదలుపెట్టినవారు):
1960 ప్రాంతంలో అమెరికాలో 230 దాకా మహిళా కాలేజీలు ఉండేవి. ఇప్పుడు ముప్పైకి అటూఇటూ. కేథలిక్ సిస్టర్లు పెట్టిన కాలేజీల్లో చాలావాటిది ఒకటే దారి. మొదట సాయంత్రం, వారాంతపు కోర్సులు, ఆ తర్వాత పీజీ, యూనివర్సిటీ అన్న పేరు, చివరికి పగటి డిగ్రీలోకి అబ్బాయిలు. మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లోని సెయింట్ కేథరిన్ మాత్రం చివరి అడుగు దగ్గర ఆగింది. సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1905లో పెట్టిన కాలేజీ అది. 1979లో వీకెండ్ కాలేజీ వచ్చింది, 2009లో యూనివర్సిటీ అయింది. పీజీలోనూ పెద్దల కోర్సుల్లోనూ మగవాళ్లు చదువుతున్నారు. పగటి బ్యాచిలర్స్ మహిళలకే. ఈ గీత అలాగే ఉండాలా? నా మటుకు ఉండాలనే అంటాను. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

ప్రవేశాల బల్ల:
లెక్కలతోనే వస్తాను. ప్లస్ టూ ముగించే అమ్మాయిల్లో మహిళా కాలేజీ వైపు చూసేవాళ్లే తక్కువ. అంటే మన దరఖాస్తుల బుట్టలో సగం జనాభా ఎటూ లేదు, మిగిలిన సగంలోనూ ఎక్కువ మంది మన వైపు తిరగరు. బాల్టిమోర్‌లోని నోట్రడామ్ ఆఫ్ మేరీలాండ్‌ను చూడండి. నాలుగేళ్ల డిగ్రీ ఇచ్చిన తొలి కేథలిక్ మహిళా కాలేజీ అదే, 1899లో. అంత చరిత్ర ఉన్న చోటే 2022 సెప్టెంబరులో నిర్ణయం ప్రకటించి 2023 నుంచి అబ్బాయిలను చేర్చుకున్నారు. కనెక్టికట్‌లో సెయింట్ జోసెఫ్ యూనివర్సిటీ 2018లో, న్యూజెర్సీలో జార్జియన్ కోర్ట్ 2013లో ఇదే చేశాయి. ఇందరు పాలకమండలి సభ్యులూ తెలివితక్కువవాళ్లు కారు కదా. బోస్టన్‌లోని ఇమ్మాన్యుయేల్ 2001లో తెరిచింది, ఆ తర్వాత విద్యార్థుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. ఇంకేం కావాలి?

పేరోల్ పద్దు:
ఇమ్మాన్యుయేల్ ఉదాహరణ సగమే చెప్పారు బల్ల గారూ. ఆ క్యాంపస్ ఉన్నది బోస్టన్ ఆసుపత్రులన్నీ గుమిగూడిన చోట. కాలేజీ తన స్థలంలో కొంత మెర్క్ మందుల కంపెనీకి దీర్ఘకాలపు లీజుకిచ్చింది, 2004లో అక్కడ పరిశోధనాలయం వెలిసింది. ఆ లీజు డబ్బు, బోస్టన్ నడిబొడ్డు, కొత్త హాస్టళ్లు, వీటన్నిటితో పాటు అబ్బాయిలు. ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీయకుండా పేరంతా అబ్బాయిలకే కట్టబెడితే ఎలా?

రెండో వైపు న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ రోషెల్‌ను కూడా పెట్టండి. ఉర్సులైన్ సిస్టర్లు 1904లో పెట్టిన కాలేజీ. 2016లో ఆర్ట్స్ అండ్ సైన్సెస్ విభాగంలోకీ అబ్బాయిలను చేర్చుకుంది. ఉద్యోగుల జీతాల మీద ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను ఏళ్ల తరబడి కట్టలేదని బయటపడింది కూడా ఆ ఏడాదే. 2019లో మూసేశారు. పద్దుల్లో చిల్లు ఉన్న చోట ఎవరిని చేర్చుకున్నా నీళ్లు నిలవవు.

ఇక రాబడి. ఉదాహరణకు ఫీజు బోర్డు మీద 48,000 డాలర్లు అనుకోండి. ప్రైవేటు కాలేజీల్లో మొదటి ఏడాది పిల్లలకు స్కాలర్‌షిప్పుల పేరుతో తగ్గించేది సగానికి మించిపోయింది. 56 శాతం తగ్గింపు వేస్తే చేతికొచ్చేది తలకు 21,120. వంద మంది అబ్బాయిలు వస్తే 21 లక్షల డాలర్లు. అందులోంచి కోచ్‌లు, జట్ల ప్రయాణాలు, లాకర్ గదులు, హాస్టల్ అంతస్తుల మార్పులు, ప్రచారం పోవాలి. మిగిలేది చూసి మాట్లాడదాం.

లా పాయింట్:
కొందరికి మొదటి ప్రశ్నే అంతుపట్టడం లేదు: పీజీలో మగవాళ్లుంటే డిగ్రీలో వద్దనడం చట్టం ఒప్పుతుందా? ఒప్పుతుంది. చదువుల్లో ఆడ, మగ వివక్ష కూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రవేశాల విషయంలో వృత్తివిద్య, ప్రొఫెషనల్, పీజీ సంస్థలకూ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకూ వర్తిస్తుంది. ప్రైవేటు డిగ్రీ కాలేజీల ప్రవేశాలను అందులోంచి తీసేశారు. పైగా నిబంధనల్లో ఒక మాట ఉంది: ప్రవేశం విడిగా జరిగే కాలేజీనీ స్కూలునూ ప్రవేశాల మట్టుకు విడి సంస్థగానే లెక్కించాలి. యూనివర్సిటీలోనే "మహిళా కాలేజీ" అని విడి పేరు, విడి ప్రవేశ కార్యాలయం పెట్టుకోవడం వల్ల ఆ విభజన కాగితం మీద స్పష్టంగా నిలబడుతుంది.

1982లో మిసిసిపీ యూనివర్సిటీ ఫర్ విమెన్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో నర్సింగ్ స్కూల్లో మగవాళ్లను చేర్చుకోవాల్సిందే అంది. అది ప్రభుత్వ సంస్థ, ప్రభుత్వం అందరినీ సమానంగా చూడాలనే రాజ్యాంగంలోని 14వ సవరణ కింద వచ్చిన కేసు. దాన్ని తెచ్చి సెయింట్ కేథరిన్‌కు అతికించకండి.

ఇంకో చిక్కు, దీన్ని ఎవరూ ముందుగా లెక్క వేయరు. చేర్చుకున్నాక మిగతా టైటిల్ నైన్ అంతా మీద పడుతుంది. అబ్బాయిలను రప్పించడానికి సాకర్, బేస్‌బాల్, లాక్రోస్ జట్లు పెడతారు. విద్యార్థుల్లో అబ్బాయిలు 20 శాతమే ఉండి ఆటగాళ్లలో సగం వాళ్లే అయితే దామాషా పరీక్ష, అంటే విద్యార్థుల్లో ఎంత వాటా ఉంటే ఆటల్లోనూ అంతే ఉండాలన్నది, తప్పినట్టే. దాన్ని సరిచేయాలంటే అమ్మాయిల జట్లూ పెంచాలి. బడ్జెట్‌లో ఒక జట్టు అని రాసుకున్నది రెండవుతుంది.

ప్రవేశాల బల్ల:
జట్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ కాలేజీ ఆటల్లో మూడో శ్రేణి అయిన డివిజన్ త్రీలో ఆటల స్కాలర్‌షిప్పులు ఉండవు, ప్రతి ఆటగాడూ ఫీజు కట్టే విద్యార్థే. అందుకే చిన్న కాలేజీలు అటు మొగ్గుతాయి. ఇంకొకటి, అడుగు వేయకుండా కూర్చున్నా ఖర్చు ఆగదు. కెనడాలో ఒకే ఒక్క మహిళా యూనివర్సిటీ కాలేజీగా మిగిలిన బ్రెషియా 2024లో వెస్టర్న్ యూనివర్సిటీలో కలిసిపోయింది. అది కూడా ఉర్సులైన్లు పెట్టిందే, 1919లో.

పేరోల్ పద్దు:
తెరిచినవీ కలిసిపోతున్నాయి కదండీ. పెన్సిల్వేనియాలో రోజ్‌మాంట్ 2009లో అబ్బాయిలను చేర్చుకుంది, 2025లో విల్లనోవా యూనివర్సిటీలో విలీనం ప్రకటించింది. తెరవడం వల్లే మునిగిందని నేననను. తెరిచినంత మాత్రాన ఒడ్డెక్కలేదంటున్నాను.

నర్సింగ్ ల్యాబ్:
మీ ఇద్దరూ వదిలేసిన ఒక పాయింట్. ఇలాంటి యూనివర్సిటీలను నిలబెడుతున్న కోర్సుల్లో నర్సింగ్ ముఖ్యమైనది. అక్కడ సీట్లు ఆగేది దరఖాస్తుల దగ్గర కాదు, ఆసుపత్రి దగ్గర. వార్డులో ఒక అధ్యాపకురాలి కింద ఎనిమిది, పది మందికి మించి నిలబెట్టలేరు. ప్రసూతి, పిల్లల వార్డుల్లో షిఫ్టు దొరకడమే గగనం, పక్క కాలేజీలన్నీ అవే పడకల కోసం పోటీ. అధ్యాపకురాలికి ఆసుపత్రి ఇచ్చే జీతం కాలేజీ ఇవ్వలేదు, ఆ ఖాళీలు నిండవు. సీట్లు నిండిన కోర్సులో అబ్బాయిలను చేర్చుకుంటే అమ్మాయి స్థానంలో అబ్బాయి వస్తాడు, అంతే. ఒక్క డాలరూ అదనంగా రాదు. ఖాళీలున్నది చరిత్ర, భాషలు, తత్వశాస్త్రంలో. అబ్బాయిలు ఆ కోర్సులకే వస్తారని ఎవరైనా సర్వే చేశారా? చేయకుండా పాలకమండలిలో ఓటింగుకు పెట్టడం తప్పు.

రాండాల్ఫ్ వీధి:
సరిగ్గా ఇదే నేను చెప్పాలనుకున్నది. అబ్బాయిల కోసం చూడకుండా, ఏ అమ్మాయిలను చేర్చుకోవాలన్నదే మార్చుకుని నిలబడ్డ చోటు ఒకటుంది, వాషింగ్టన్‌లోని ట్రినిటీ. 1897లో నోట్రడామ్ ద నామూర్ సిస్టర్లు స్థాపించారు, ప్రతినిధుల సభకు స్పీకర్‌గా చేసిన నాన్సీ పెలోసీ 1962లో అక్కడే పట్టా తీసుకున్నారు. పక్కనున్న మగపిల్లల కేథలిక్ కాలేజీలు అమ్మాయిలకు తెరుచుకున్నాక పాత కుటుంబాల పిల్లలు అటు వెళ్లిపోయారు. 1989లో పట్రీషియా మెక్‌గైర్ అధ్యక్షురాలయ్యాక ఊళ్లోని నల్లజాతి, లాటినా (లాటిన్ అమెరికా మూలాల) అమ్మాయిల కోసమే ట్రినిటీని మళ్లీ నిలబెట్టారు. ఆర్ట్స్ కాలేజీని మహిళలకే ఉంచి, ప్రొఫెషనల్ కోర్సులను అందరికీ తెరిచారు. సిస్టర్లు కాలేజీ పెట్టింది చదువు అందని ఆడపిల్లల కోసమే కదా. అలాంటి అమ్మాయిలు ఇవాళ లేరా?

టెక్సాస్ నాన్న:
పాప హైస్కూల్ చివరి ఏడాది. ఇలాంటి చోట బీఏ చేస్తే ఓపీటీకి (చదువయ్యాక పని చేసే అనుమతికి) ఇబ్బందా? మాది ఎఫ్-1 (విద్యార్థి వీసా) దారే.

లా పాయింట్:
కాలేజీ మహిళలదా కాదా అన్నది వీసాకు అడ్డు రాదండి. వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం ఇచ్చేది యూనివర్సిటీ. పన్నెండు నెలల ఓపీటీ ఏ మేజర్‌కైనా ఉంటుంది. సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోర్సులకిచ్చే మరో 24 నెలల పొడిగింపు మేజర్ సీఐపీ కోడ్‌ను (ప్రభుత్వం ప్రతి కోర్సుకూ ఇచ్చే నంబరును) బట్టి. మామూలు ఎకనామిక్స్ 45.0601, దానికి పొడిగింపు లేదు. ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ 45.0603, దానికి ఉంది. బ్రోషర్‌లో రెంటికీ ఎకనామిక్స్ అనే రాసి ఉండొచ్చు. చేరకముందే రిజిస్ట్రార్‌కు మెయిల్ పెట్టి కోడ్ రాతపూర్వకంగా తీసుకోండి.

పేరోల్ పద్దు:
అసలు అంశానికి వస్తే, ఓటింగుకు ముందు విరాళాల పత్రాలు తీయించండి. "ఆడపిల్లల చదువుకు" అని షరతు రాసిచ్చిన నిధులను అబ్బాయిల స్కాలర్‌షిప్పుకు వాడలేరు. దాత బతికి ఉంటే రాతపూర్వక అనుమతి కావాలి, లేకపోతే రాష్ట్ర అటార్నీ జనరల్‌కు (ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారికి) తెలియజేసి కోర్టు మెట్లెక్కాలి. చిన్నవీ బాగా పాతవీ అయిన నిధులకు చాలా రాష్ట్రాల్లో కోర్టు లేకుండా సులువు దారి ఉంది, దానికీ నోటీసు, గడువు తప్పవు. ఏ నిధి ఏ షరతు కింద ఉందో పట్టిక లేకుండా పాలకమండలి ముందుకు వెళితే, తీర్మానం అయిన మర్నాడే పూర్వ విద్యార్థినుల లాయర్ నోటీసు వస్తుంది.

ప్రవేశాల బల్ల:
పట్టిక తీయించాలన్న మాటకు నాకు అభ్యంతరం లేదు. అయినా నా ఓటు తెరవడానికే, చేతిలో రెండేళ్ల ఖర్చుకు నిల్వ ఉండగానే. నిల్వ కరిగాక తెరిస్తే ఆ డబ్బు పాత అప్పులకే పోతుంది.