‘అదే పదివేలు’: పోతన కందంలో పదివేలు, దృప్తి, చక్కంబడు

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. వామన చరిత్రలోని ఈ కందాన్ని పిల్లల కోసం అట్టమీద రాయించాలి.

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

మూడు సందేహాలు. ‘పదివేలు’ అంటే పదివేల నాణేలా? మూడో పాదంలో ‘దృప్తి’ అచ్చుతప్పా, ‘తృప్తి’ అని దిద్దాలా? చివరగా, కింద తాత్పర్యం ‘డబ్బు ఎంత పెరిగినా సంతోషం రాదు’ అని ఒక్క వాక్యంలో రాస్తే సరిపోతుందా?

తెలుగు మాస్టారు

దిద్దకండి. అది అచ్చుతప్పు కాదు. ‘ద్రుతప్రకృతికము మీది పరుషములకు సరళములగు’ అని బాలవ్యాకరణ సూత్రం. అంటే ఇలా నకారంతో ముగిసే మాట తర్వాత వచ్చే క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలవుతాయి. రెండో పాదం చివర ఉన్నది ‘అనుచున్’. ఆ నకారం తర్వాత వచ్చిన ‘తృప్తి’లోని త, ద అయింది. పాదం మారినా సంధి ఆగదు. పద్యమంతా ఇదే పని జరిగింది: పొందక – బొందక, పదివేలు – బదివేలు, చెందని – జెందని, చక్కన్ పడు – జక్కంబడు. ఒక్క దృప్తినే దిద్దితే మిగతా నాలుగూ అలాగే ఉండిపోయి, దిద్దినచోటే తప్పుగా కనిపిస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. సంధి విడదీయకుండా ‘దృప్త’ అని నిఘంటువు తెరిస్తే గర్వించినవాడు అనే అర్థం వస్తుంది, అది వేరే సంస్కృత ధాతువు. పద్యం చెప్పేదానికి నేరుగా ఎదురు. కందం గానీ సీసం గానీ నిఘంటువు దగ్గరికి తీసుకెళ్లే ముందు గ, జ, డ, ద, బలతో మొదలైన ప్రతి మాటనూ, దాని ముందు సున్న గానీ అరసున్న గానీ ఉంటే, క, చ, ట, త, పలతో కూడా వెతకాలి.

విడదీస్తే: వ్యాప్తిన్ పొందక, వగవక, ప్రాప్తంబు అగు లేశము ఐనన్ పదివేలు అనుచున్ తృప్తిన్ చెందని మనుజుఁడు, సప్తద్వీపములన్ అయినన్ చక్కన్ పడునే?

చదివేటప్పుడు రెండో పాదం చివర ఆగకూడదు. ‘పదివేలనుచుం దృప్తిం’ అని ఒక ఊపులో పోవాలి. అక్కడ ఆగితే ‘దృప్తి’ విడిగా వినబడి, దాన్ని దిద్దాలనే ఆలోచన వినేవాళ్లకూ వస్తుంది.

నిఘంటు పని చేసే సభ్యురాలు

‘పదివేలు’ గురించి. ఈ ఘట్టంలో నాణేల పేరు లేకపోలేదు. బలి ఏమి కావాలో అడిగే పద్యంలో ‘వరచేలంబులొ మాడలో’ అని మొదలవుతుంది, మాడ అంటే నాణెం. కానీ మన కందంలో ‘పదివేల మాడలు’ అనలేదు, ఉట్టి పదివేలు అన్నాడు. అక్కడ పదివేలు అంటే లెక్కకు అందనంత. సుమతీ శతకంలో ‘తెప్పలుగఁ జెరువు నిండినఁ గప్పలు పదివేలు చేరుఁ గదరా’ అన్నప్పుడు ఎవరూ కప్పల్ని లెక్కపెట్టలేదు కదా. అదే పదివేలు ఇది.

నేటి వాడుకలో నుడికారంగా దీనికి కట్టుబాట్లు ఉన్నాయి. ఏకారం తప్పనిసరి, అదీ ముందు మాటమీదే: ‘అదే పదివేలు’, ‘వచ్చిందే పదివేలు’, ‘ప్రాణాలతో బయటపడ్డాడు, ఇదే పదివేలు’. ఏకారాన్ని తీసుకెళ్లి చివర పెట్టి ‘అది పదివేలే’ అంటే అర్థం తిరగబడుతుంది, పదివేలు మాత్రమే అని. ఏకారం లేకుండా ‘అది పదివేలు’ అంటే ధర చెప్పినట్టే. ‘అదే పది లక్షలు’ అని రేటు పెంచి ఎవరూ అనరు. రూపాయి విలువ ఎంత పడినా ఈ పదివేలు మారలేదంటే అది డబ్బు లెక్క కాదనే.

ఎవరితో అంటున్నామన్నదీ చూసుకోవాలి. ‘మీరు వచ్చారు, అదే పదివేలు’ అంటే మర్యాద. కానుక ఇచ్చినవారి ముఖం మీద ‘ఇచ్చిందే పదివేలు’ అంటే ఇచ్చింది కొంచెమే అని ఎత్తిచూపినట్టు. ఆశించినదానికంటే తక్కువ వచ్చిందనే సంగతి ఈ మాటలో ఎప్పుడూ దాగి ఉంటుంది. పద్యంలోనూ ‘లేశమైన’ అని ముందే ఉంది చూడండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

ధన్యవాదాలండీ. ‘వ్యాప్తిం బొందక వగవక’ దగ్గర ఇంకో చిక్కు. పొందక, వగవక, చెందని – మూడూ వ్యతిరేకాలే. వ్యాపించనివాడు, బాధపడనివాడు, తృప్తి చెందనివాడు అని ముగ్గుర్నీ ఒకే గాటన కట్టాలా?

తెలుగు మాస్టారు

కట్టకూడదమ్మా. చాలా తాత్పర్యాలు జారిపడేది ఇక్కడే. పొందక, వగవక రెండూ తృప్తి చెందడం ఎలాగో చెబుతున్నాయి: ఆశను నాలుగు దిక్కులకూ పోనివ్వకుండా, లేనిదానికి ఏడవకుండా, వచ్చిన కొంచెమే పదివేలనుకుని తృప్తి చెందడం. ఈ మొత్తాన్నీ చివరి ‘ని’ కాదంటోంది. ‘తొందరపడక, తడబడక జవాబు చెప్పనివాడు నెగ్గుతాడా?’ అన్న వాక్యంతో పోల్చండి. అక్కడ తొందరపడనివాడిని ఎవరూ తప్పుపట్టడం లేదు.

ఛందస్సు చూసే సభ్యుడు

నాకు ఈ పద్యంలో ప్రాణం ‘చక్కంబడునే’ అనిపిస్తుంది. తాత్పర్యాలన్నీ దాన్ని ‘సుఖపడతాడా’, ‘సంతోషిస్తాడా’ అని మార్చేస్తాయి. చక్కబడడం వేరు. పరిస్థితి చక్కబడింది, ఒళ్లు చక్కబడింది అంటాం. వంకర పోవడం, కుదుటపడడం అన్నమాట.

యతి కోసం పడిన మాట అని ఎవరైనా అనవచ్చు. పరీక్షించి చూద్దాం. నాలుగో పాదం గణాలు: సప్త – గగ, ద్వీపము – భ, లనయిన – నల (నాలుగు లఘువులు), జక్కం – గగ, బడునే – స. కందంలో రెండేసి పాదాలు కలిపి లెక్కిస్తే ఆరో గణం, అంటే రెండు, నాలుగు పాదాల్లో మూడోది, జగణమో నలమో కావాలి. ఇక్కడ ‘లనయిన’ నలం, రెండో పాదంలో ‘శమైన’ జగణం, రెండూ కుదిరాయి. యతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి: ‘స’కు ‘జ’. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది కాబట్టి చెల్లింది. ప్రాస ‘ప్త’ నాలుగు పాదాల్లోనూ ఉంది.

ఇప్పుడు ఆ చోట ‘సంతసపడునే’ పెట్టండి. సంతస – భ, పడునే – స. గణాలు సరిపోతాయి. యతి స-కు సం-, ఇంకా దగ్గరి మైత్రి. అంటే ‘సంతోషిస్తాడా’ అనడానికి ఛందస్సు అడ్డుకాలేదు. దారి తెరిచే ఉంది, పోతన ఆ దారిన పోలేదు. సప్తద్వీపాలు వచ్చినవాడు సంతోషించడని ఈ పద్యం చెప్పడం లేదు, కుదుటపడడని చెబుతోంది. అట్టమీద ‘సంతోషం రాదు’ అని రాయవద్దనడానికి నా కారణం ఇదే.

సంస్కృతం చూసే సభ్యుడు

మూలంతో పోలిస్తే ఇది ఇంకా గట్టిపడుతుంది. భాగవతం 8వ స్కంధం, 19వ అధ్యాయం, 22 నుంచి 24 వరకు శ్లోకాలు. 22లో ‘త్రిభిః క్రమైరసంతుష్టో ద్వీపేనాపి న పూర్యతే’ – మూడడుగులతో తృప్తి పడనివాడు ఒక ద్వీపంతో కూడా నిండడు, ఏడు ద్వీపాలమీద కోరిక పుడుతుంది కనుక. 23లో ఆ ఏడింటినీ ఏలిన వైన్యుడు, గయుడు మొదలైనవారే ఆశకు అంతం చూడలేదంటాడు. పోతన ‘ఆశాపాశము దాఁ గడున్ నిడుపు’ పద్యం దీనిదే. 24లో ‘సంతుష్టో వర్తతే సుఖం’ అని సుఖశబ్దం వస్తుంది, అసంతుష్టుడికి మూడు లోకాలు చాలవంటుంది. మన కందం 22లోని సప్తద్వీపాలనూ, 24లోని దొరికినదానితో తృప్తినీ కలిపింది. చివరకు ‘సుఖం’ దగ్గర కాక ‘పూర్యతే’కు దగ్గరగా ఆగింది.

ఇంకొక్క మాట. ‘సంతోషం’ అనే మాట అర్థం జరిగింది. తుష్ ధాతువు నుంచి వచ్చిన సంతోషానికి సంస్కృతంలో ప్రధానార్థం ఉన్నదానితో తృప్తి. ‘సంతోషాదనుత్తమసుఖలాభః’ అన్న యోగసూత్రంలో సంతోషం కారణం, సుఖం ఫలితం, రెండూ వేరు. తెలుగులో క్రమంగా అది ఆనందానికి పర్యాయపదమైంది. ఈ కందం తర్వాతి సీసంలో ‘సంతుష్టుఁడీ మూడు జగములఁ బూజ్యుండు, సంతోషి కెప్పుడుఁ జరుగు సుఖము’ అన్నప్పుడు ‘సంతోషి’ని నవ్వుతూ ఉండేవాడు అని చదివితే పద్యం పలచబడిపోతుంది. ఉన్నది చాలనుకున్నవాడు అని చదవాలి.

ఆర్థికశాస్త్రం చెప్పే సభ్యుడు

నిన్నటి సంతోషమూ, జీవితం మీద తృప్తీ – ఈ రెంటినీ కలిపేయడం వల్ల పత్రికల్లో జరుగుతున్న నష్టం చెప్తాను. అమెరికాలో పరిశోధకులు కానమన్, డీటన్ 2010లో వేసిన పత్రాన్ని మన పేజీలు ‘75 వేల డాలర్లు దాటాక డబ్బుతో సంతోషం పెరగదు’ అని రాశాయి. అందులో అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. నిన్న నవ్వారా, దిగులుపడ్డారా, ఒత్తిడిగా ఉందా అన్నది ఒకటి. 0 నుంచి 10 మెట్లున్న నిచ్చెనమీద మీ జీవితాన్ని ఎక్కడ పెడతారు అన్నది రెండోది. ఏటా 75 వేల డాలర్ల దగ్గర ఆగినట్టు కనిపించింది మొదటిది. రెండోది ఆగలేదు, ఆదాయంతో పెరుగుతూనే పోయింది. మొదటిదాన్ని సంతోషం అనీ, రెండోదాన్ని జీవితంపట్ల తృప్తి అనీ రాస్తే మన భాషలో గందరగోళమే ఉండదు.

మొదటిదాని కథా అక్కడ ఆగలేదు. కిల్లింగ్స్‌వర్త్ 2021లో 33,391 మంది అమెరికా ఉద్యోగుల్ని ఫోన్లో ఆయా క్షణాల్లోనే అడిగి చూస్తే సంతోషం కూడా 75 వేలు దాటి పెరుగుతూనే ఉంది. ఇద్దరి ఫలితాలు ఎందుకు తేడాపడ్డాయో తేల్చడానికి కానమన్, కిల్లింగ్స్‌వర్త్ ఇద్దరూ మెల్లర్స్‌తో కలిసి 2023లో పత్రం రాశారు. వాళ్లు తేల్చింది: చాలామందిలో పెరుగుతూనే ఉంటుంది, అందరికంటే తక్కువ సంతోషంగా ఉన్న దాదాపు ఐదో వంతు మందిలో మాత్రం లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుంది. వాళ్ల బాధలు అంతకు మించి డబ్బుతో తీరేవి కావన్నది వారి వివరణ. ‘చక్కంబడునే’ అన్న ప్రశ్నకు ఇది చాలా దగ్గరగా వచ్చిన ఫలితం అంటాను.

అయితే ఆ పెరుగుదల రూపాయికి రూపాయి కాదు, ఆదాయం రెట్టింపైన ప్రతిసారీ ఒకే పాటి పెంపు. దాన్ని ఒక మెట్టు అందాం, పైన చెప్పిన 0–10 నిచ్చెన మెట్టు కాదిది. నెలకు 20 వేలున్నవారికి మరో 20 వేలు కలిస్తే ఒక మెట్టు. 2 లక్షలున్నవారికి అంతే మెట్టు రావాలంటే మరో 2 లక్షలు కావాలి. వారికి 20 వేలే కలిస్తే మెట్టులో ఏడో వంతు మాత్రం.

సంస్కృతం చూసే సభ్యుడు

మీరు రెట్టింపు అన్నారు కనుక: భాగవతం 5వ స్కంధంలో ద్వీపాల కొలత కూడా రెట్టింపులే. జంబూ, ప్లక్ష, శాల్మలి, కుశ, క్రౌంచ, శాక, పుష్కర – ఒక్కొక్కటి ముందుదానికి రెండింతలు. జంబూద్వీపం 1 పాలైతే పుష్కరం 64 పాళ్లు.

ఆర్థికశాస్త్రం చెప్పే సభ్యుడు

అయితే మొత్తం 1+2+4+8+16+32+64, అంటే 127 పాళ్లు. ఒక ద్వీపమున్నవాడికి ఏడూ వస్తే ఆస్తి 127 రెట్లు. మన రెట్టింపు లెక్కలో ఏడు మెట్లకు కొంచెం తక్కువ. పురాణకర్త ఈ లెక్క ఉద్దేశించాడని అనడం లేదు, పిల్లలకు బోర్డుమీద చూపడానికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

నిఘంటు పని చేసే సభ్యురాలు

ఒక హెచ్చరిక చెప్పాలి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ పద్యాన్ని జీతం పెంచమని అడిగినవాళ్లకు, కూలి చాలదన్నవాళ్లకు అప్పజెప్పడం కనిపిస్తుంది. పద్యం ఎవరి నోట వచ్చిందో చూడండి. ఇచ్చేవాడు అనలేదు, పుచ్చుకునేవాడు తన గురించి తానే అన్నాడు. ‘నీవు రాజ వనుచు నిఖిలంబు నడుగుట దగవు గాదు నాకు’ అని పై సీసం కింది ఎత్తుగీతిలో స్పష్టంగా ‘నాకు’ అన్నాడు. ఇచ్చే బలి చెప్పుకున్న పద్యం వేరే ఉంది, ‘కారే రాజులు’. సిరి మూటగట్టుకుని పోయినవాళ్లున్నారా అని తన చెయ్యి తానే తెరుచుకునే పద్యం అది. యజమాని చదవాల్సింది దాన్ని. పైగా రెట్టింపు లెక్క ప్రకారం ఆ పెంపు ఎక్కువ విలువ చేసేది తక్కువ జీతం ఉన్నవారికే.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

మూడడుగులే చాలన్నవాడు రెండడుగుల్లో లోకాలన్నీ కొలిచేశాడు కదా అని పిల్లలు అడిగితే?

తెలుగు మాస్టారు

తప్పకుండా అడుగుతారు, అడగనివ్వండి. వామనుడు కొలిచింది తన కోసం కాదని, తిరిగి ఇంద్రుడికి ఇచ్చాడని కథ చెప్పండి. కందం వరకు మాత్రం మాట బ్రహ్మచారిది, మాట నిలిచే ఉంది.

అట్టమీద తాత్పర్యం ఇలా రాయించండి: ‘ఆశను అదుపు తప్పనివ్వకుండా, లేనిదానికి వగవకుండా, దొరికిన కొంచెమే పదివేలనుకుని తృప్తి పడనివాడు ఏడు ద్వీపాలు వచ్చినా కుదుటపడతాడా?’ ప్రశ్నగుర్తు వదలొద్దు, పద్యమే ప్రశ్నగా ముగిసింది. అరసున్నలు లేశమైనఁ, మనుజుఁడు, నయినఁ – మూడు చోట్ల. రాసేవారి దగ్గర ఆ గుర్తు లేకపోతే మూడూ వదిలేయమనండి, గణాలు చెడవు. వాటి బదులు నిండు సున్న మాత్రం పెట్టనివ్వకండి. ‘మనుజుండు’ అయితే నలం పోయి పాదం విరిగిపోతుంది.