1989 ఈ30ని కిందికి దించాలి: స్ప్రింగ్‌లు మారిస్తే సరిపోతుందా, కాయిలోవర్లు వేయాలా?

వెంకట్_ఈ30:
నాది 1989 బీఎండబ్ల్యూ 320ఐ, ఈ30 సెడాన్. ఇంజిన్ పని, గేర్‌బాక్స్ పని అయిపోయాయి. ఇక సస్పెన్షన్ వంతు. షాకులు ఎప్పటివో తెలియదు, ఏ మూల నొక్కి వదిలినా కారు రెండు మూడు సార్లు ఊగి గానీ ఆగడం లేదు. చక్రానికీ ఆర్చ్‌కీ మధ్య ఖాళీ చాలా ఉంది, చూడటానికి అస్సలు బాగోలేదు. రోజూ నడిపే కారే, ట్రాక్ మీదికి తీసుకెళ్లను. మలుపుల్లో ఒరగకూడదు, గతుకుల్లో నడుము విరగకూడదు.

నా ముందు మూడు దారులున్నాయి. పాత షాకులు అలాగే ఉంచి 60 మి.మీ. దించే స్ప్రింగ్‌లు వేయడం. లేదా 30 మి.మీ. దించే స్ప్రింగ్‌లు, కొత్త షాకులు. లేదా షాక్ మీదే స్ప్రింగ్ ఉండి, మర తిప్పి ఎత్తు మార్చుకోగలిగే కాయిలోవర్లు. చూడ్డానికి మొదటిదే నచ్చింది, కానీ టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మూడో_గేర్:
వెంకట్ గారూ, మొదటి దారి వదిలేయండి. ఎంత దించాలి అన్న లెక్కతో మొదలుపెడితే అంతా తప్పుతుంది. ముందు ఏ షాక్ వేయాలో తేల్చుకోండి. తర్వాత దానికి తగిన స్ప్రింగ్. ఆ రెండూ కలిసి కారుని ఎంత దించితే మీ ఎత్తు అంతే.

ఎందుకో చెప్తాను. షాక్ రాడ్ లోపలికి వెళ్లడానికి కొంత దూరమే ఉంటుంది, ఆ చివర బంప్ స్టాప్ రబ్బరు ఉంటుంది. కారు నిలబడి ఉన్నప్పుడు రబ్బరు తగలడానికి 60 మి.మీ. ఖాళీ ఉందనుకుందాం. షాక్ మార్చకుండా 40 దించితే మిగిలేది 20. మామూలు గతుక్కే ఆ 20 అయిపోతుంది, అక్కడి నుంచి బరువంతా రబ్బరు మీదే. మలుపు మధ్యలో అలా జరిగితే ఆ మూల ఉన్నట్టుండి గట్టిపడిపోయి టైరు పట్టు వదిలేస్తుంది. ముందు చక్రమైతే స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోతుంది, వెనక చక్రమైతే వెనక భాగం జారుతుంది. చాలామంది దీన్నే 'గట్టి సస్పెన్షన్' అనుకుంటారు. అది గట్టిదనం కాదు, సస్పెన్షన్ లేకపోవడం.

కాబట్టి కిందికి దించే స్ప్రింగ్ అసలుదానికంటే గట్టిగా ఉండి తీరాలి, తక్కువ దూరంలో అదే దెబ్బని ఆపాలి కదా. గట్టి స్ప్రింగ్ నొక్కుకున్నాక అంతే బలంగా పైకి తన్నుతుంది. దాన్ని పట్టి ఆపే శక్తి అరిగిన షాక్‌కి ఎక్కడిది? మీ కారు ఇప్పటికే ఊగుతోందంటే ఆ షాకుల పని అయిపోయినట్టే.

రెండో సంగతి ముందు భాగం గురించి. ఈ30కి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే షాక్, స్ప్రింగ్ కలిసి ఒకే నిలువు కాలు. కారు దించే కొద్దీ, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. అది లోపలి కొసని దాటి పైకి పోయిందంటే, బరువు కేంద్రం దిగినదానికంటే ఎక్కువగా రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) దిగిపోతుంది. ఆ రెంటి మధ్య దూరం పెరిగితే, కారు నేలకి దగ్గరగా ఉన్నా మలుపులో ఒరగడం పెరుగుతుంది. మీరు కోరుకున్నదానికి పూర్తిగా ఉల్టా! పైగా స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా మారి, గతుకు తగిలినప్పుడు స్టీరింగ్ దానంతటదే ఇటూ అటూ లాగుతుంది. అందుకే రోడ్డు మీద తిరిగే ఈ30కి నేను 30 దగ్గరే ఆగమంటాను. 60 నాకు ఏ రకంగానూ నచ్చదు.

షాకుల్లో బిల్‌స్టీన్ బీ6 అసలు ఎత్తు స్ప్రింగ్‌లకి, బీ8 పొట్టిగా చేసింది, దించే స్ప్రింగ్‌లకి. కోనీ పసుపు రంగువి రీబౌండ్ మార్చుకోవచ్చు, అంటే స్ప్రింగ్ తిరిగి సాగే వేగాన్ని మీరే సెట్ చేసుకోవచ్చు. మీ వాడకానికి ఏదైనా చాలు. ఒక్క జాగ్రత్త: ఈ30 ముందు స్ట్రట్ గొట్టం రెండు సైజుల్లో వచ్చింది, 45 మి.మీ., 51 మి.మీ. కొలవకుండా ఆర్డర్ పెట్టకండి.

వెంకట్_ఈ30:
చాలా థ్యాంక్స్ అన్నా. రోల్ సెంటర్ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మరి కాయిలోవర్లు? ఎత్తు మనమే మార్చుకోవచ్చు కదా, అది మేలు కాదా?

మూడో_గేర్:
మంచి సెట్ దొరికితే వేయొచ్చు. కానీ ఈ30 వెనక భాగం చూడండి. అక్కడ స్ప్రింగ్ ఒకచోట, షాక్ ఇంకోచోట ఉంటాయి. కారు బరువు స్ప్రింగ్ కూర్చునే చోట పడుతుంది, షాక్ పై మౌంట్ మీద ఆ బరువు ఉండదు. కొన్ని కాయిలోవర్ సెట్లు వెనక కూడా స్ప్రింగ్‌ని షాక్ మీదికి తెస్తాయి. అప్పుడు వెనక బరువంతా పల్చటి రేకు మీద ఆనుతుంది. బలం చేకూర్చే ప్లేట్లు వేయకుండా ఆ పని చేస్తే రేకు చీలే ప్రమాదం ఉంది. తీసుకుంటే వెనక స్ప్రింగ్ దాని చోటులోనే ఉండే సెట్ తీసుకోండి.

ఇంకోటి, మర తిప్పి కారు దించితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు, ఎత్తు మారుతుందంతే. కింది బ్రాకెట్ దగ్గర విడిగా పొడవు మార్చే వీలున్నవాటిలో షాక్ ప్రయాణం తగ్గకుండా ఎత్తు దించవచ్చు. ఆ వీలు లేనివాటిలో ఎంత దించితే అంత ప్రయాణం పోతుంది, మళ్లీ మొదటి సమస్యే.

పాతగోల్ఫ్:
అన్న చెప్పినదానికి రబ్బరు సంగతి కలపాలి. ముప్పై ఏళ్లు దాటిన కారు ఇది. లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు), బాల్ జాయింట్లు, స్ట్రట్ టాప్ మౌంట్లు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే ట్రైలింగ్ ఆర్మ్ బుష్‌లు ముందు చూడండి. అవి అరిగిపోయి ఉంటే కొత్త షాకులు పెట్టినా కారు నిలకడగా ఉండదు. నన్నడిగితే డబ్బు సరిపోకపోతే బుష్‌లు ముందు, స్ప్రింగ్‌లు తర్వాత.

బుష్ బోల్ట్ బిగించే పద్ధతి చాలా ముఖ్యం. కారు జాక్ మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆఖరి బిగింపు చేయకూడదు. బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి. లేకపోతే కిందికి దిగినప్పుడు రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది.

ఇది ఈ30 వాళ్లకి కాదు, నాలాంటి పాత గోల్ఫ్ వాళ్లు చదువుతుంటే వాళ్లకి: చాలా గోల్ఫ్ 2 కార్లలో వెనక ఇరుసుకి తగిలించిన బ్రేక్ ప్రెషర్ రెగ్యులేటర్ ఉంటుంది. వెనక దిగితే లోడ్ ఎక్కిందనుకుని వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ పంపుతుంది, ఖాళీ కారులో వెనక చక్రాలు లాక్ అవుతాయి. దించాక దాన్ని మళ్లీ సెట్ చేయించండి.

వెంకట్_ఈ30:
సరే, 30 స్ప్రింగ్‌లు, బీ8, అన్నిటికంటే ముందుగా బుష్‌లు. వెనక చక్రాలు లోపలికి వాలతాయని విన్నాను, 30కి కూడా అంత సమస్యా?

మూడో_గేర్:
వాలతాయి. ఈ30 వెనక సెమీ ట్రైలింగ్ ఆర్మ్, దాని ఇరుసు 15 డిగ్రీల ఏటవాలు, అందుకే చక్రం పైకి వచ్చే కొద్దీ క్యాంబర్ మైనస్‌లోకి పోతుంది (చక్రం పైభాగం లోపలికి వాలుతుంది), టో కూడా, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారుతుంది. ఫ్యాక్టరీ నుంచి అక్కడ సర్దుబాటు లేదు. 30కి చాలా కార్లు భరించగలిగేంతలోనే ఉంటాయి. టైరు లోపలి అంచు త్వరగా పోతుంటే ముందు టో చూడండి. టైరుని క్యాంబర్ కంటే టోనే ఎక్కువ తింటుంది. టో సరిగా లేకపోతే ట్రైలింగ్ ఆర్మ్‌కి ఎక్సెంట్రిక్ బుష్‌లు (తిప్పి కోణం సర్దుకోగలిగేవి) దొరుకుతాయి, ఎలాగూ బుష్‌లు మారుస్తున్నారు కాబట్టి అప్పుడే వేసేయండి.

విప్పే ముందు నాలుగు మూలలా హబ్ మధ్య నుంచి ఆర్చ్ అంచు దాకా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి కూడా లెక్కలో కలుస్తుంది. బిగించాక షాక్ రాడ్‌కి సన్నటి జిప్ టై కట్టి మామూలుగా తిరగండి, ఎంత దూరం నెట్టుకుపోయిందో చూస్తే బంప్ స్టాప్‌కి ఇంకా ఎంత మిగిలిందో తెలుస్తుంది. స్ప్రింగ్‌లు కొన్ని వందల కిలోమీటర్లకి కుదురుకుంటాయి, అలైన్‌మెంట్ అప్పుడు చేయించండి. హెడ్‌లైట్లు కూడా అదే రోజు సెట్ చేయించండి.